నాలుగు వందల మాటల్లో

గురువారం ఐదున్నరకి
షిప్పింగ్ ఆఫీసులో ఆఖరి ఇన్వాయిసు మూసి
కారులోనే చెప్పులు మార్చుకుంటాను.
వెనక సీట్లో ఎప్పుడూ ఒక పట్టుచీర, ఒక శాలువా,
సగం తిన్న బిస్కెట్ పొట్లం.
ఏ హాల్లో ఏసీ ఎంత కరుస్తుందో
మనామాలో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

ఆరింటికి అద్లియాలో బొమ్మల ప్రదర్శన.
నీలం మీద నీలం పూసినాయన
"ఇది మౌనం" అన్నాడు చాలాసేపు.
రాసుకున్నాను: మౌనం, రెండు వందల దీనార్లు.
సమోసాలు బాగున్నాయి. అది రాయకూడదు.

ఏడుంబావుకి స్కూలు ఆడిటోరియంలో అరంగేట్రం.
"మేకప్ ఆయన పేరు కూడా వెయ్యాలి,
పాలక్కాడ్ నుంచి రప్పించాం" అంది వాళ్ళమ్మ.
తిల్లానాలో ఒక్కచోట కాలు తడబడి
పిల్ల తనలో తనే నవ్వుకుంది.
సాయంత్రమంతా నాట్యమంటే ఆ నవ్వే.
అలా రాస్తే వాళ్ళమ్మ నాతో మాట్లాడదు.
రాశాను.

తొమ్మిదిన్నరకి ముహర్రఖ్, కారు పట్టని సందులో
ముత్యాలకి మునిగినవాళ్ళ పాటలు పాడే ఇల్లు.
నాకు అరబ్బీ బిల్లుల వరకే వచ్చు.
ఇరవై మంది బొడ్డులోంచి తీసిన ఒకే హుంకారం,
నేల కింద బరువైన పడవేదో కదిలినట్టు;
దానిమీద మట్టికుండ మూతిమీద అరచెయ్యి.
పెన్ను ఆగిపోయింది.
పాటయ్యాక బూ జాసిం తాత నా వైపు వేలు చూపించి
"పోయినసారి నా పేరు తప్పు రాసింది ఈవిడే" అన్నాడు,
కావా కప్పు నిండా పోస్తూ.

శుక్రవారం సల్మాబాద్ క్యాంపుకి ఎవరూ పిలవలేదు.
మా ఆఫీసు డ్రైవర్ లింబాద్రి అన్నాడు:
"మా రూముల ఒకాయన ఉన్నడు మేడం,
జర్ర వచ్చి వినుండ్రి."
పన్నెండు మంచాలు, ఆరుతున్న లుంగీలు,
కింద మంచం అంచున సుంకరి గంగమల్లు,
మెట్‌పల్లి దగ్గర ఊరు, ఇక్కడ పరంజీలు కట్టే పని.
ఖాళీ పెయింటు డబ్బా బోర్లించి ఒగ్గు కథ ఎత్తుకున్నాడు.
మధ్యలో మరిచిపోయాడు.
సిగ్గుపడలేదు. ఫోను తీసి
ఊళ్ళో ఉన్న అన్నకి వీడియో కాల్ చేశాడు.
అవతల అన్న చరణం అందిస్తూ అందిస్తూ
ఊరుకోలేక డోలు మెడలో వేసుకున్నాడు.
ఇక్కడ డబ్బా, అక్కడ డోలు,
నడుమ సముద్రమంత నెట్‌వర్కు.
ప్రతి దెబ్బా అర క్షణం ఆలస్యంగా వస్తోంది.
గంగమల్లు రెండుసార్లు తడబడి
మూడోసారి ఆ ఆలస్యాన్నే లెక్కలో కలిపేశాడు;
ఇదుగో వేశాను, వచ్చేదాకా ఆగుతాను, మళ్ళీ వేస్తాను.
ఏ గురువూ చెప్పని తాళం.
అన్నం కుక్కరు కూసినా ఎవరూ లేవలేదు.

రాత్రి రెండింటికి నాలుగు వందల మాటలు లెక్కపెట్టి పంపాను.
అందులో నూటపది ఆ డబ్బావి.

శనివారం డెస్కు నుంచి తంగచ్చన్:
"టైర్ల యాడ్ వచ్చింది, కొంచెం తగ్గించాను, ఏమీ అనుకోకు."
ఆదివారం పేపర్లో
నీలం ఉంది, మేకప్ ఆయన ఉన్నాడు,
బూ జాసిం పేరు ఈసారి సరిగ్గా ఉంది.
చివర్న నేను రాయని వాక్యం ఒకటి:
కార్మికులు కూడా సంగీతాన్ని ఆస్వాదిస్తున్నారు.

పదింటికి లింబాద్రి నా టేబుల్ దగ్గరికొచ్చాడు,
చంకలో ఆరు పేపర్లు, ఆరూ కొన్నవే.
"గంగమల్లు పేరు యాడున్నదో సూపించుండ్రి మేడం,
మాకు ఇంగ్లీషు రాదాయె.
ఫోటో తీసి వాళ్ళన్నకు పంపుతం."

అబద్ధం నాలిక దాకా వచ్చింది.
ఆ 'కార్మికులు' మీద వేలు పెడితే సరిపోయేది.

లేదు లింబాద్రీ, వెయ్యలేదు, అన్నాను.
కాసేపు టైర్ల వంక చూశాడు.
తర్వాత తనే నా పెన్ను స్టాండులోంచి ఒకటి తీసి
నా ముందు పెట్టాడు.

టైరు మధ్యలో గుండ్రంగా తెల్ల జాగా ఉంది.
ఆరు పేపర్లలోనూ రాశాను, తెలుగులో,
ఇంటిపేరుతో సహా.
లింబాద్రి ఒక్కోటీ కూడబలుక్కుని చదివి
నాలుగోది వెనక్కిచ్చాడు:
"మల్లుకి వత్తు మరిచిండ్రు."